ఎలక్ట్రోడు సాక్ష్యం ఎంతవరకు నమ్మవచ్చును?

ఖమ్మం మెట్టపొలాలు ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే అంచున, పెద్ద రోడ్డుకు కొంత లోపలగా ఒక కోయగూడెం ఉన్నది. పేరు చెప్పవలసిన పని లేదు. అటువంటి గూడేలు ఆ అంచు పొడుగునా ఉన్నవి. గూడెం నడుమ ఒక చేతిపంపు, దాని మెడకు ఎర్రరంగు పట్టీ. ఎర్రరంగు అంటే ఆ నీరు తాగరాదని అర్థం. పోయిన వేసవిలో నీటిపరీక్షల వాహనం ఒకటి అక్కడికి వెళ్తున్నదని తెలిసి, మా గ్రామీణ కార్యక్రమానికి పనికివచ్చే ముచ్చట ఏదైనా దొరుకునేమో అని రికార్డింగు పరికరం భుజాన వేసుకొని నేనూ ఎక్కినాను.

వాహనంలో పరీక్షలు చేసే అమ్మాయికి ముప్పై ఏళ్ళు ఉండవు. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివింది. పంపునీటిని ప్లాస్టిక్కు పాత్రలో పట్టి, అందులో మరొక ద్రావణాన్ని సమపాళ్ళలో కలిపి, లావుపాటి కలాల వంటి రెండు కడ్డీలను ముంచింది. ఆ కడ్డీల తీగలు ఒక మీటరుకు తగిలించి ఉన్నవి. పావుగంటలో తేలవలసిన పని గంటన్నర పట్టింది. ఎందుకు పట్టిందో తరువాత చెప్తాను. చివరికి ఆమె పుస్తకంలో రాసుకున్న అంకె ఇది: ఫ్లోరైడు, లీటరుకు 1.3 మిల్లీగ్రాములు.

మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు 1.0 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మంచిది. వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చును. గూడెంలో కుళాయిలు ఉన్నవి గాని, వేసవిలో కరెంటు పోయినా, గొట్టం పగిలినా రెండు మూడు రోజులు నీరు రాదు. అటువంటి రోజులలో ఈ పంపునీరు తాగవచ్చునని ఆ అమ్మాయి చెప్పింది.

చుట్టూ నిలబడినవారిలో ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. "నిరుడు తాగొద్దని ఎర్రరంగు పూసిపోయిన్రు. ఇయ్యాల తాగుమంటున్రు. అబద్ధమాడింది నిరుడా, ఇయ్యాలనా బిడ్డా?" అని అడిగింది.

నా పరికరంలో ఆ ప్రశ్న స్పష్టంగా నమోదైంది. ఈ ప్రసంగానికి మూలం ఆ ప్రశ్నే. ఎందుకంటే ఆ ఎర్రపట్టీ కేవలం ఒక రంగు కాదు. నిరుటి నుంచి, కుళాయి ఆగిన ప్రతిసారీ ఆ గూడెం ఆడవాళ్ళు పంపును వదిలి, మైలు దూరంలో ఉన్న వాగుకు పోయి, ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు మోసుకొచ్చినారు. చెలమనీటిలో ఫ్లోరైడు ఉండకపోవచ్చును, కాని పశువులు దిగే వాగులో మరేమి ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఒక అంకె తప్పయితే దాని మూల్యం ఈ రూపంలో చెల్లించవలసి వస్తుంది. రెండవ వైపు తప్పయితే ఇంకా ఘోరం. ఫ్లోరైడు ఎక్కువైన నీటిని తాగదగిన నీరని చెప్తే, పిల్లల పళ్ళపై గోధుమరంగు మచ్చలతో మొదలై, ఏళ్ళు గడిచేకొద్దీ నడుము వంగి, కీళ్ళు బిగిసిపోయే జబ్బు అది. ఆ వ్యాధి మన దేశంలో ఉన్నదని శాస్త్రీయంగా మొదట 1937లో ప్రకటించింది షార్ట్ అనే వైద్యాధికారి, ఆయన సహచరులు. వారు చూసిన రోగులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లావారు, అంటే మన తెలుగువారే. నల్లగొండ జిల్లా కష్టాలు అందరికీ తెలిసినవే. ఖమ్మం వైపు నేలలో ఉన్నవి కూడా గ్రానైటు జాతి గట్టిరాళ్ళే. ఆ రాళ్ళ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు ఖనిజాలలోని ఫ్లోరైడును కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది.

సరే, ఆ కడ్డీలు ఏమిటి? అవి నీటితో ఏమి మాట్లాడుతవి?

ఉప్పు నీటిలో కరిగినప్పుడు ఉప్పుగా ఉండదు. సోడియం ఒకటి, క్లోరైడు ఒకటి, వేర్వేరుగా విద్యుదావేశం గల కణాలై తిరుగుతవి. వాటినే అయానులు అంటారు. నీటిలో పది రకాల అయానులు కలిసి ఉన్నా, వాటిలో ఒక్కదానినే గుర్తుపట్టే పొర ఒకటి మన చేతిలో ఉంటే, ఆ పొరకు ఇటు ఒక ద్రావణం, అటు ఒక ద్రావణం ఉంచినప్పుడు రెండువైపుల మధ్య స్వల్పమైన విద్యుత్ పీడనం పుడుతుంది. ఆ పీడనాన్ని కొలిస్తే అయాను ఎంత ఉన్నదో లెక్కకట్టవచ్చును. ఈ లెక్కకు ఆధారమైన సూత్రాన్ని 1889లో జర్మను శాస్త్రజ్ఞుడు నెర్నస్ట్ రూపొందించినాడు. ఇంతకూ ఎలక్ట్రోడు అంటే అటువంటి పొరను మూతికి బిగించిన గొట్టమే.

మొట్టమొదట దొరికిన పొర గాజు. గాజు విద్యుత్తును పోనీయదని బడిలో చదువుకున్నాము. కాని అతి పల్చగా ఊదిన గాజుబుడ్డికి లోపల ఒక ఆమ్లత, బయట ఒక ఆమ్లత ఉంటే పీడనభేదం కలుగుతుందని 1906లో క్రేమర్ గమనించినాడు. 1909లో హేబర్, క్లెమెన్సియేవిచ్ దానిని క్రమపద్ధతిలో పరిశోధించినారు. అయినా పాతికేళ్ళ పాటు అది ప్రయోగశాల దాటలేదు. కారణం, ఆ గాజుగుండా పారే విద్యుత్తు మరీ స్వల్పం. మామూలు మీటరు ముల్లు కదలదు. 1934లో కాలిఫోర్నియాలో నిమ్మరసం పులుపు కొలవలేక అవస్థపడుతున్న ఒక మిత్రుని కోసం ఆర్నాల్డ్ బెక్‌మన్ అనే ఆచార్యుడు వాక్యూమ్ వాల్వుల ఆంప్లిఫయరును గాజు ఎలక్ట్రోడుకు జోడించి పీహెచ్ మీటరును తయారుచేసినాడు. రేడియోలో పాటను పెద్దది చేసే వాల్వులే అక్కడ నిమ్మకాయ పులుపును పెద్దది చేసినవి. రేడియోవాడిని గనుక ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయినాను.

ఫ్లోరైడు ఎలక్ట్రోడు చాలా తరువాతి మాట. 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు లాంథనం ఫ్లోరైడు స్ఫటికాన్ని, అందులో కొద్దిగా యూరోపియం కలిపి, పొరగా వాడినారు. ఆ స్ఫటికంలో కదలగలిగినది ఫ్లోరైడు ఒక్కటే. తాళంచెవి ఒకటే తాళానికి పట్టినట్టు, క్లోరైడుగాని నైట్రేటుగాని దానిని కదిలించలేవు. అయానులను పట్టే ఎలక్ట్రోడులన్నిటిలో ఇంత నమ్మకమైనవి తక్కువ. మరి ఇంత మంచి స్ఫటికం ఉండగా ముసలమ్మ ప్రశ్న ఎందుకు వచ్చినట్టు?

చిక్కు లెక్కలోనే మొదలవుతుంది. నెర్నస్ట్ సూత్రం ప్రకారం ఫ్లోరైడు పదిరెట్లు పెరిగితే 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మీటరులో మార్పు 59 మిల్లీవోల్టులు మాత్రమే. పదిరెట్లకు 59. అంటే ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే ఫలితంలో సుమారు నూటికి నాలుగు తేడా. ఆరు మిల్లీవోల్టులు జరిగితే నూటికి 26. నిజంగా 1.3 ఉన్న నీరు 1.6గా కనిపిస్తుంది, పంపు మెడకు ఎర్రరంగు పడుతుంది. ఆరు మిల్లీవోల్టులంటే ఎంత? టార్చిలైటులో వేసే ఒక బ్యాటరీ పీడనంలో రెండువందల యాభైయవ వంతు. అంత చిన్న జరుగుబాటు ఒక గూడెం నీళ్ళ దారిని మార్చివేయగలదు.

ఈ లెక్క నీటికే కాదు, నెత్తురుకూ వర్తిస్తుంది. వాంతులు విరేచనాలతో వచ్చిన రోగికీ, మూత్రపిండాలు చెడిన రోగికీ నెత్తురులో పొటాషియం ఎంత ఉన్నదో వైద్యుడు మొదట చూస్తాడు. అది కూడా నేడు ఎక్కువగా ఎలక్ట్రోడుతోనే కొలుస్తారు. ఆరోగ్యవంతునిలో లీటరుకు సుమారు 3.5 నుంచి 5.0 మిల్లీమోలుల వరకు ఉండవచ్చును. ఈ రెండు హద్దుల మధ్య ఎలక్ట్రోడు చూపించే తేడా మొత్తం కలిపి పది మిల్లీవోల్టులైనా కాదు. ఆరోగ్యమంతా ఆ పది మిల్లీవోల్టుల సందులో ఇమిడి ఉన్నది. అందుచేత ఎలక్ట్రోడు ఎంత సున్నితమైనదన్న ప్రశ్న కంటె, నిన్న చెప్పిన మాట మీద నేడు నిలబడుతుందా అన్న ప్రశ్న పెద్దది.

నిలబడకపోవడానికి కారణాలు వెతికితే, నేరం తరచు స్ఫటికానిది కాదు. పాత్రలో ముంచిన కడ్డీలు రెండని చెప్పినాను. ఒకటి ఫ్లోరైడును చూసేది. రెండవది ఏమీ చూడకుండా, ఎప్పుడూ ఒకే పీడనంతో కదలక నిలబడవలసినది. దానిని నిర్దేశక ఎలక్ట్రోడు అంటారు. మొదటిదాని పీడనాన్ని దీనితో పోల్చి కొలుస్తారు. కొలబద్దకు సున్నా గీత వంటిది ఇది. గీతే జరిగితే కొలత ఏమవుతుంది? ఇది పనిచేసే తీరు మామూలు మనుషుల ఊహకు అందనంత మొరటుగా ఉంటుంది: గొట్టంలో గాఢమైన పొటాషియం క్లోరైడు ద్రావణం పోసి, అడుగున పింగాణీ వంటి సన్నని రంధ్రాల బిరడా పెడతారు. ఆ బిరడాగుండా ఉప్పునీరు చెమ్మగా, అతి మెల్లగా, పరీక్షించే నీటిలోకి కారుతూ ఉండవలెను. ఆ కారుడే రెండు ద్రావణాలకు వంతెన. కారుడు సమంగా ఉన్నంతసేపు సున్నా గీత కదలదు.

కారుడు ఆగే మార్గాలు ఎన్నో. గొట్టం పైభాగాన ద్రావణం పోసే రంధ్రానికి రబ్బరుమూత ఉంటుంది; పరీక్ష చేసేటప్పుడు దానిని తెరవవలెను, లేకపోతే గాలి ఆడక ఉప్పునీరు దిగదు. లోపలి ద్రావణమట్టం బయటి నీటిమట్టం కంటె ఎత్తుగా ఉండవలెను, లేకపోతే బయటినీరే లోపలికి ఎగబాకుతుంది. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు మీకు తెలిసినవే. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, ఇనుపపెట్టె వంటి వాహనంలో, గొట్టంలోని నీరు ఇగిరి ఉప్పు గడ్డకట్టి బిరడాను మూసివేస్తుంది. ఇంకొక సూక్ష్మం ఉన్నది. లోపలి తీగ వెండిది, దానికి వెండి క్లోరైడు పూత. గాఢమైన ఉప్పునీటిలో ఆ పూత కొంచెం కరుగుతుంది. అట్లా కరిగిన వెండి బిరడా దాకా దిగి, బయటి పల్చని నీరు తగలగానే మళ్ళీ పొడిగా పేరుకొని రంధ్రాలను పూడ్చివేస్తుంది. నీటిలో గంధకపు వాయువు, అంటే హైడ్రోజను సల్ఫైడు ఉంటే బిరడా నల్లబడుతుంది, వెండి సల్ఫైడు ఏర్పడుతుంది గనుక. అశ్వాపురం వద్ద మణుగూరు భారజల కర్మాగారంలో వాడే పద్ధతికి ప్రాణం ఆ వాయువే. అటువంటి చోట్లకు గొట్టంలో గొట్టం పెట్టి, వెలుపలి గొట్టంలో వెండికి సంబంధం లేని పొటాషియం నైట్రేటు వంటి ద్రావణాన్ని నింపిన జంట బిరడా ఎలక్ట్రోడు తగినది. వెండి ఉన్న లోపలి గది గంధకానికి దూరమవుతుంది. ఇది పెద్ద ఆవిష్కరణ ఏమీ కాదు, ఇంటికి వరండా కట్టినట్టు. కాని నిలకడ పెంచిన మార్పులలో దీని పాలు తక్కువ కాదు.

సారపాక కాగితపు కర్మాగారం పేరు కూడా ఇక్కడ చెప్పుకోవచ్చును. కర్రను గుజ్జుచేసే ద్రావణం మహా ఘాటైన క్షారం, నిండా సోడియం. అటువంటి ద్రావణంలో మామూలు గాజు ఎలక్ట్రోడు మోసపోతుంది. హైడ్రోజను అయానులు మరీ తక్కువై, సోడియం మరీ ఎక్కువైనప్పుడు గాజు సోడియంనే హైడ్రోజను అనుకొని, క్షారాన్ని ఉన్నదానికంటె తక్కువ చేసి చూపుతుంది. గాజులో సోడియం బదులు లిథియం కలిపి చేసిన తరువాత ఈ పొరపాటు బాగా తగ్గింది. వానాకాలపు అడవి వాగునీరు దీనికి సరిగ్గా ఎదురు. అందులో లవణాలు బహు స్వల్పం. అంత పల్చని నీటిలో బిరడా వద్ద పీడనం నిలవదు; నీటిని కలియబెడితే ఒక అంకె, కలియబెట్టడం ఆపితే ఒక అంకె. స్వచ్ఛమైన నీటి ఆమ్లతను కొలవడం మురుగునీటి ఆమ్లతను కొలవడం కంటె కష్టమన్నది వినడానికి వింతగా ఉన్నా నిజం.

ఫ్లోరైడుకు తిరిగి వస్తాను. ఆ అమ్మాయి పంపునీటిలో సమపాళ్ళలో కలిపిన ద్రావణం ఏమిటో మీరు అడగవచ్చును. దానిని టీసాబ్ అంటారు. ఫ్రాంట్, రాస్ ఇద్దరే 1968లో ఆ ఉపాయం చెప్పినారు. అది మూడు పనులు చేస్తుంది. ప్రమాణద్రావణంలోనూ పరీక్షనీటిలోనూ లవణాల మొత్తం బలాన్ని సమానం చేస్తుంది. ఆమ్లతను పీహెచ్ 5కు, 5.5కు మధ్య నిలుపుతుంది. అంతకంటె పులుపయితే ఫ్లోరైడు హైడ్రోజనుతో జతకట్టి దాగుకుంటుంది, అంతకంటె బాగా క్షారమయితే హైడ్రాక్సైడు అయాను ఫ్లోరైడు వేషం వేసుకొని వస్తుంది. ఇక మూడవది మన ప్రాంతానికి ముఖ్యమైనది. నీటిలో అల్యూమినియం, ఇనుము ఉంటే అవి ఫ్లోరైడును గట్టిగా పట్టుకుంటవి. పట్టుబడిన ఫ్లోరైడు ఎలక్ట్రోడుకు కనబడదు. కడుపులోకి పోయేది మాత్రం పోతూనే ఉంటుంది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించి, మన నల్లగొండ పేరు పెట్టిన పద్ధతిలో ఫ్లోరైడును తీసివేయడానికి నీటిలో పటికను, సున్నాన్ని కలుపుతారు. పటిక అంటే అల్యూమినియం లవణమే గదా! కనుక శుద్ధిచేసిన నీటిలో మిగిలిన అల్యూమినియం కొంత ఫ్లోరైడును దాచివేసి, శుద్ధి నిజంగా జరిగినదానికంటె ఎక్కువ జరిగినట్టు చూపించగలదు. టీసాబులో ఉండే సీడీటీఏ అనే పదార్థం అల్యూమినియంను తాను పట్టుకొని ఫ్లోరైడును విడిపిస్తుంది. అల్యూమినియం మరీ ఎక్కువగా ఉంటే దానికీ కొంత వ్యవధి కావలెను. తొందరపడి చూసిన అంకె తక్కువగానే ఉంటుంది.

ఉష్ణోగ్రత మాట చెప్పకపోతే ఈ ప్రాంతానికి అన్యాయం చేసినట్టే. 59 మిల్లీవోల్టులన్నది 25 డిగ్రీల లెక్క. 42 డిగ్రీల వద్ద అది 62న్నర. మీటరులో మీట నొక్కి దీనిని సవరించవచ్చును. కాని ఆ సవరణ ఏటవాలును మాత్రమే దిద్దుతుంది, సున్నా గీత జరిగితే దానిని దిద్దలేదు. కనుక ప్రమాణద్రావణం చల్లని డబ్బాలోనుంచి, పరీక్షనీరు ఎండలోని పంపునుంచి వచ్చి ఉంటే ఏ మీట నొక్కినా ఫలం లేదు. రెంటినీ ఒకచోట నీడలో అరగంట ఉంచి, ఒకే వేడికి తెచ్చి కొలవడమే మందు. ఖరీదు లేని మందు గనుక కాబోలు, దానిని చాలామంది పాటించరు.

కొన్ని పొరలు స్వభావంచేతనే అల్పాయుష్కులు. పొటాషియం, కాల్షియం, నైట్రేటు వంటివాటికి మెత్తని ప్లాస్టిక్కు పొరలు వాడుతారు. పొటాషియం పొరలో వాలినోమైసిన్ అనే పదార్థం కలుపుతారు. ఉంగరం ఆకారంలో ఉండే దాని అణువు నడుమ పొటాషియం సరిగ్గా అమరుతుంది, సోడియం అమరదు. అయితే పొరలోని ఆ పదార్థమూ, పొరను మెత్తబరచే నూనె వంటి ద్రవమూ రోజురోజుకు కొంచెంగా నీటిలోకి జారిపోతవి. కొన్ని నెలలకు పొర ముసలిదవుతుంది. లాంథనం స్ఫటికానికి ఈ బాధ లేదు. జిడ్డుపడితే దానిని ఫ్లోరైడు కలిసిన టూత్‌పేస్టుతోనే మెల్లగా తోమి కడుగుతారు. ఇతర ఎలక్ట్రోడులకు పనికిరాని వైద్యం అది.

గొట్టంలో ద్రవం ఉండడమే ఇన్ని తిప్పలకు కారణమైతే, ఆ ద్రవాన్నే తీసివేయరాదా? ఈ ఆలోచన 1971లో కాట్రల్, ఫ్రైజర్ అనేవారికి వచ్చింది. ప్లాటినం తీగకు ప్లాస్టిక్కు పొరను నేరుగా పూత పూసినారు. చవక, చిన్నది, ఎటు తిప్పినా కారదు. అడవిలో వాడుకోవడానికి ఇంతకంటె ఏమి కావలెను? కాని పీడనం నిలవలేదు. గంటగంటకూ జరిగింది. ఎందుకో తేల్చడానికి ఏళ్ళు పట్టింది. పొర లోపల విద్యుత్తును మోసేవి అయానులు. తీగలో మోసేవి ఎలక్ట్రానులు. ఒకరి బరువు మరొకరికి అందించే మధ్యవర్తి అక్కడ లేడు. రెండవ దోషం ఇంకా గూఢమైనది. నీరు పొరగుండా చెమ్మగా లోపలికి దిగి, పొరకూ తీగకూ నడుమ కంటికి కనబడని పలుచని పొరగా చేరుతుంది. కళాయి సరిగా పట్టని ఇత్తడిగిన్నెలో పూత కిందికి పులుసు చేరినట్టు! పైకి పూత నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల ఆ నీటిచెమ్మలోని అయానులు మారినప్పుడల్లా మీటరు జరుగుతుంది. 2000 సంవత్సరంలో జ్యూరిచ్‌లోని ప్రెట్ష్ బృందం ఆ చెమ్మ ఉన్నదో లేదో తేల్చే పరీక్షను ప్రకటించింది. వేరు వేరు ద్రావణాలలో వరుసగా గంటల తరబడి ముంచి, మళ్ళీ మొదటి ద్రావణానికి తెచ్చినప్పుడు పీడనం ఎట్లా నడుస్తుందో చూడడమే ఆ పరీక్ష.

మధ్యవర్తి కొరతను తీర్చినవి విద్యుత్తును మోసే ప్లాస్టిక్కులు. 1992లో కడోగన్, లెవెన్‌స్టామ్, ఇవాస్కా మొదలైనవారు తీగకూ పొరకూ నడుమ పాలీపిరోల్ అనే పదార్థాన్ని ఉంచినారు. అది అయానులతోనూ ఎలక్ట్రానులతోనూ వ్యవహరించగలది, రెండు భాషలు తెలిసిన దుభాషి వంటిది. ఆ తరువాత నీటిని దగ్గరికి రానీయని కర్బన పదార్థాలను నడిమిపొరగా వాడి చెమ్మను కూడా అరికట్టినారు. ఇప్పుడు అటువంటి ఎలక్ట్రోడులలో జరుగుబాటు చాలా తగ్గింది. అయితే ఒకే రోజు ఒకే చోట చేసిన పది ఎలక్ట్రోడులు పదీ ఒకే అంకె చెప్పే దశ ఇంకా సులభంగా రాలేదు. కనుక ఒక్కొక్కదానికీ ముందుగా ప్రమాణద్రావణం చూపించక తప్పదు. ద్రవం లేని నిర్దేశక ఎలక్ట్రోడును చేయడం మరింత కష్టంగా ఉన్నది. పరిశోధకులు ఎక్కువగా చూసే కడ్డీ మీద పడినంత వెలుగు, కదలక నిలబడే కడ్డీ మీద పడలేదని నాకు అనిపిస్తుంది. లోకంలో ఇతరచోట్లా ఇదే వరస గదా!

ఇక ఆ గంటన్నర సంగతి. పంపునీటికి మొదట వచ్చిన అంకె 1.3 కాదు, 1.6. ఆ అమ్మాయి దానిని పుస్తకంలో పెన్సిలుతో రాసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది. తరువాత ఉదయం వాడిన ప్రమాణద్రావణాన్నే తీసి మళ్ళీ కొలిచింది. అందులో ఉన్నది సరిగ్గా 1.0 అని తెలిసిన సంగతే. మీటరు దాదాపు 1.26 చూపింది. ఉదయానికీ మధ్యాహ్నానికీ నడుమ ఆరు మిల్లీవోల్టులు జరిగింది. నిర్దేశక ఎలక్ట్రోడును ఎత్తి వెలుతురులో చూస్తే, ద్రావణమట్టం సగానికి పడిపోయి, బిరడా మీద తెల్లని ఉప్పు పేరుకొని ఉన్నది. ఆమె దానిని కడిగి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పాత ద్రావణం పారబోసి కొత్తది నింపి, వేపచెట్టు నీడలో అరగంట ఉంచింది. పిల్లలు చుట్టూ మూగినారు. ఒకడు తీగను ముట్టుకోగానే మీటరు అంకెలు చిందులు తొక్కినవి. మైకు తీగకు తొడుగు తెగితే గురగుర వచ్చినట్టే ఇదీను. ఈ ఎలక్ట్రోడుల తీగ గాలిలోని ప్రతి అలికిడినీ పట్టుకుంటుంది. పిల్లలను రెండడుగుల దూరం జరిపి, 0.5, 1.0, 2.0 ద్రావణాలను వరుసగా చూపించి, పంపునీటిని మూడుసార్లు కొలిచి, చివర మళ్ళీ 1.0 చూపించింది. ఈసారి అది 1.0 గానే నిలిచింది. పంపునీరు మూడుసార్లూ 1.3.

ముసలమ్మకు జవాబు చెప్పడానికి ఆమె నిరుటి పుస్తకం తెరిచింది. అక్కడ ఈ పంపుకు ఎదురుగా 1.7 అని ఒకే అంకె ఉన్నది. ఉదయం బయలుదేరేముందు ఒకసారి ప్రమాణద్రావణం చూపించినట్టు రాసి ఉన్నది. చివర మళ్ళీ చూపించినట్టు లేదు. ఉష్ణోగ్రత గడి ఖాళీ. ఎవరు రాసినారో, ఏ కార్యాలయమో చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ రోజు పద్నాలుగు గూడేలు తిరిగినారని మాత్రం అదే పుట చెప్తున్నది.

"నిరుడు అబద్ధమాడిందని చెప్పలేనవ్వా. నిజం చెప్పిందని కూడా చెప్పలేను" అన్నది ఆ అమ్మాయి. "వానలకు బోరునీరు మారి కూడా ఉండొచ్చు. ఆ రోజు దీన్ని ఇంకొకసారి అడిగి ఉంటే తెలిసేది. ఎవరూ అడగలేదు."

"మరి నువ్వడిగినవా?"

"రెండుసార్లు అడిగిన."

ముసలమ్మ కొంచెంసేపు ఆ కడ్డీల వంక చూసి, "ఇంకొక తీరున కూడా అడుగు" అన్నది. ఆ మాట ఆ అమ్మాయికి నచ్చింది. రెండవ సీసాలో నీరు పట్టి, మూత బిగించి, తేదీ రాసి, ఎలక్ట్రోడుతో సంబంధం లేని మరొక పద్ధతిలో పరీక్షించే ప్రయోగశాలకు పంపింది. మూడు వారాలకు వచ్చిన ఫలితం 1.25.

వానాకాలం మొదట్లో నేను మళ్ళీ ఆ దారిన పోయినాను. రంగు మార్చడానికి కావలసిన ఉత్తర్వు రాలేదు గనుక పంపు మెడకు ఎర్రపట్టీ అట్లాగే ఉన్నది. పంపు దిమ్మె మీద ముసలమ్మ మనుమడు సుద్దతో తేదీ వేసి, కింద 1.3 అనీ, 1.25 అనీ రాసినాడు. జల్లు పడి తేదీ సగం చెరిగిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు పెట్టి పంపు కొడుతున్నారు.